పోయిన డబ్బు కోసం ఇంకా ఆడవచ్చా?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను పరవాడలోని ఒక మందుల కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగిని. ఇల్లు గాజువాకలో. రమ్మీతో మొదలుపెట్టి, తరువాత ఆన్‌లైన్‌లో పోకర్ నేర్చుకుని, కొంతకాలంగా ‘డ్యూస్ టు సెవెన్ ట్రిపుల్ డ్రా’ అనే లోబాల్ ఆట డబ్బుకు ఆడుతున్నాను. మొదట్లో బాగానే వచ్చేది. మూడు నెలలుగా వరసగా పోతోంది. నాలుగు మంచి ముక్కలు చేతిలో ఉన్నా అయిదోది పడదు. ఎదుటివాడు నాసిరకం ముక్కలతో మొదలుపెట్టి గెలుస్తాడు. ఇప్పటికి లక్షా ఎనభై వేల రూపాయలు పోయాయి. అందులో కొంత నా భార్య గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఇది నా దురదృష్టమా, ఆటలో లోపమా? ఈ వరస మారేదాకా ఓపికగా ఆడడం మేలా, మిగిలిన ఇరవై వేలతో పెద్ద పందేల టేబుల్‌కు మారి త్వరగా రాబట్టుకోవడం మేలా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు అడిగిన రెండు దారుల్లో ఏదీ మేలు కాదు. ఈ రోజే ఆపండి. ఊరికే ఆపమంటే మీవంటి ఆటగాడు ఒప్పుకోడని తెలుసు కాబట్టి, కారణాలను ఆటలోంచే చెబుతాను.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. మామూలు పోకర్‌లో పెద్ద చేయి (అంటే చేతిలోని అయిదు ముక్కలు) గెలిస్తే లోబాల్‌లో అందరికంటే చిన్న చేయి గెలుస్తుంది. ఈ ఉత్తరంలోని రకంలో ఆసు ఎప్పుడూ పెద్ద ముక్కే; జత పడినా, ముక్కలు వరసగా వచ్చినా, అయిదూ ఒకే గుర్తువైనా నష్టమే. అందువల్ల వేర్వేరు గుర్తులతో వచ్చిన 7-5-4-3-2 అన్నింటికంటే మంచి చేయి. అయిదు ముక్కలు పంచిన తరువాత మూడు సార్లు ముక్కలు మార్చుకోనిస్తారు, నాలుగు విడతలుగా పందెం కాస్తారు.

ఇప్పుడు మీ ఫిర్యాదును లెక్కలో చూద్దాం. మీ చేతిలో 2, 3, 4, 7 ఉన్నాయి, అయిదోది రాజు. రాజును పారేసి ఒక్క ముక్క అడిగారు. ఎనిమిది పెద్ద ముక్కగా ఉన్న చేయి గానీ అంతకంటే మంచి చేయి గానీ కావాలంటే మీకు 5, 6, 8లలో ఒకటి పడాలి. అవి మొత్తం పన్నెండు ముక్కలు. మీరు చూడనివి నలభై ఏడు. అంటే దాదాపు నాలుగింట ఒకసారి పడుతుంది, మూడుసార్లు పడదు. మూడు అవకాశాలూ మిగిలి ఉన్నప్పుడు కూడా, అంత మంచి ఆరంభం నుంచి ఆ చేయి కుదిరేది నూటికి దాదాపు 60 సార్లే. తక్కిన 40 సార్లు ఏ పొరపాటూ చేయకుండానే కుదరదు. ఇక ఆఖరి మార్పిడి ఒక్కటే మిగిలిన సందర్భాలను పదేసి చొప్పున గుంపులు చేస్తే, దాదాపు ప్రతి ఇరవై గుంపులలో ఒకదానిలో పదికి పదిసార్లూ ముక్క పడదు. రాత్రికి వందల చేతులు ఆడేవారికి ఇది మామూలు విషయం. నాసిరకంతో మొదలుపెట్టిన ఎదుటివాడు గెలవడమూ వింత కాదు, ఎందుకంటే మూడు మార్పిడులున్న ఆటలో మంచి ఆరంభానికీ ఓ మోస్తరు ఆరంభానికీ మధ్య తేడా చూడడానికి కనిపించినంత పెద్దది కాదు.

కాబట్టి మీ నష్టం ఒక్కదాన్నే చూసి దురదృష్టమనీ చెప్పలేము, లోపమనీ చెప్పలేము. మొదట్లో వచ్చిన డబ్బుకూ ఇదే వర్తిస్తుందని దయచేసి గమనించండి. ఇప్పుడు పోతున్నది దురదృష్టమని వాదించే మనిషి, అప్పుడు వచ్చినది నైపుణ్యమని నమ్మడం న్యాయం కాదు. ఈ వరస మారుతుంది కదా అన్నారు. ముక్కలు కలిపి పంచిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. గత మూడు నెలల్లో మీకు పడని ముక్కలు రేపు పడవలసిన బాకీగా ఎక్కడా జమ కావు. రేపటి నుంచి మీకు అందరితో సమానంగా ముక్కలు పడవచ్చు, కానీ దానివల్ల పోయిన లక్షా ఎనభై వేలు తిరిగి రావు.

అదృష్టం సంగతి అలా ఉంచి, నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. వరసగా పోతున్నప్పుడు మనిషి ఆడే ఆటే మారిపోతుంది. ఆటగాళ్లు దీనినే ‘టిల్ట్’ అంటారు. లోబాల్‌లో దీని గుర్తులు చాలా స్పష్టంగా ఉంటాయి: ఇదివరకు పారేసే చేతులతో కూడా దిగడం, రెండూ మూడూ మాత్రమే మంచివైనా ఉంచుకుని మూడేసి ముక్కలు అడగడం, ఎదుటివారు ఎన్ని ముక్కలు మారుస్తారో తెలియకుండానే తాను ముందు మార్చుకోవలసిన స్థానంలో ఉండి కూడా పందెం పెంచడం, ఎదుటివాడు ముక్క మార్చకుండా నిలబడ్డాడని చూసి కూడా చివర జాకీ చేతితో ‘చూద్దాంలే’ అని పెద్ద పందేనికి సరిపెట్టడం. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేని కళ్లతో, తాకట్టు వడ్డీ గుర్తొస్తుండగా ఆడే మనిషి ఈ నాలుగూ చేస్తాడు. మీ చేతుల చరిత్రను (మీరు ఆడిన ఆటల రికార్డును) తెరిచి, మొదటి నెలలో మీరు ఏ ముక్కలతో దిగారో, గత నెలలో ఏ ముక్కలతో దిగారో పక్కపక్కన పెట్టి చూడండి. నా అంచనాలో తేడా మొదటి పేజీలోనే కనబడుతుంది. మొదలు దురదృష్టమే కావచ్చు, కొనసాగింపు మాత్రం అది కాదు.

పెద్ద టేబుల్ ఆలోచన సరిగ్గా ఆ స్థితిలో పుట్టేదే. చిన్న పందెం 500, పెద్ద పందెం 1000 ఉన్న టేబుల్‌లో ఎవరూ పందెం పెంచకపోయినా, ఒక చేతిని చివరి దాకా ఆడడానికి 500, 500, 1000, 1000 చొప్పున మూడు వేలు అవుతుంది. మీ దగ్గరున్న ఇరవై వేలు అలాంటి ఏడు చేతులకు కూడా సరిపోవు. పైన చెప్పిన లెక్క ప్రకారం, చక్కటి ఆరంభాలతోనే ఏడు సార్లు వరసగా ఓడడం అసాధ్యమేమీ కాదు. దీనికి తోడు ప్రతి పాట్ నుంచి, అంటే మధ్యలో పోగైన పందెపు సొమ్ము నుంచి, ఆట నడిపేవాడు ‘రేక్’ అనే తన కోత తీసుకుంటాడు. సమానమైన ఆటగాళ్లు ఆరుగురు చాలాకాలం ఆడితే ఆ కోత వల్ల ఆరుగురూ నష్టపోతారు. గెలవాలంటే ఎదుటివారికంటే కొంచెం మెరుగ్గా ఉంటే చాలదు, ఆ కోతను దాటేంత మెరుగ్గా ఉండాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 2020లో, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. ఆ చట్టం ఆడేవారినీ శిక్షార్హులుగానే చూస్తుంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించి, నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా విధించింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఆటగాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. లోబాల్‌లో నైపుణ్యం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కొత్త చట్టం ముందు ఆ వాదనకు చోటు లేదు.

దీని అర్థం ఏమిటంటే, మీరు ఇప్పుడు ఆడుతున్న చోటు మన చట్టానికి అందని ఎక్కడో విదేశీ సైటు అయి ఉంటుంది. డబ్బు వేసిన ప్రతిసారీ వేరే వేరే వ్యక్తుల పేర్లతో యూపీఐ ఐడీ చూపిస్తున్నారేమో గమనించండి. అలా చూపిస్తే అవి అద్దెకు తెచ్చిన ఖాతాలు కావచ్చు. అటువంటి ఖాతా నుంచి మీకు గెలుపు సొమ్ము వస్తే, ఆ ఖాతా మీద ఎక్కడో నమోదైన మోసం కేసు కారణంగా మీ జీతపు ఖాతానే బ్యాంకు నిలిపివేయవచ్చు. ముక్కలు నిజాయితీగా కలుపుతున్నారో లేదో తనిఖీ చేసే అధికారి కూడా అక్కడ ఎవరూ లేరు.

చేయవలసినవి చెబుతాను. సైటులో మిగిలిన డబ్బు వెనక్కి వస్తే తీసుకోండి. అది ఇవ్వడానికి ‘ముందు పన్ను కట్టండి’ అంటే ఒక్క రూపాయి కూడా పంపకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆడడం మొదలుపెట్టిన తేదీ నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు తీయించి, వేసినదీ తీసినదీ కూడండి. మీరు చెప్పిన లక్షా ఎనభై వేలు ఆ కూడికలో పెరిగే అవకాశం ఎక్కువ. మీ దగ్గరున్న ఇరవై వేలను తాకట్టుకు కట్టండి. మీ భార్యకు గొలుసు సంగతి మీ నోటితోనే, స్టేట్‌మెంటు చేతిలో పెట్టి చెప్పండి. తాకట్టు దుకాణం నుంచి నోటీసు వచ్చి ఆమెకు తెలియడం కంటే అది వెయ్యి రెట్లు నయం. ఆ సంభాషణ తేలిగ్గా సాగుతుందని నేను అనను. ఆమె కోపాన్ని పూర్తిగా విని, సంజాయిషీలో ముక్కల ప్రస్తావన తేకండి.

ప్రశ్న: మా వారు రాత్రి రెండింటికి లేచి బాల్కనీలో ఫోను పట్టుకుని కూర్చుంటారు. అడిగితే విసుక్కుంటారు. ఇంతకుముందు ఒకసారి పేకాట అప్పులన్నీ మా అన్నయ్య తీర్చాడు, ఇక ఆడనని ప్రమాణం చేశారు, ఆరు నెలలకే మళ్లీ మొదలైంది. ఇప్పుడు కూడా అన్నయ్య మొత్తం తీర్చేస్తానంటున్నాడు. తీర్చనివ్వాలా? – ఒక సోదరి, మధురవాడ

జవాబు: అమ్మా, మీ అన్నగారి మనసు గొప్పది, కానీ ఆ డబ్బును మీ వారి చేతికి ఇవ్వనివ్వకండి. అప్పు ఒక్కసారిగా తీరిపోయినప్పుడు ఈ అలవాటున్న మనిషికి అది కొత్త పెట్టుబడిలా కనిపిస్తుంది. మీ ఇంట్లో ఒకసారి జరిగింది అదే. ముందు అప్పుల జాబితా మీ వారి చేతి రాతతోనే రావాలి: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత. సహాయం చేయదలిస్తే అన్నగారు నేరుగా అప్పిచ్చినవారికి, వాయిదాలుగా, రసీదు తీసుకుని కట్టవచ్చు. అన్నింటికంటే ముందు క్రెడిట్ కార్డు, లోన్ యాప్‌ల బాకీలు చూడండి, వడ్డీ అక్కడే ఎక్కువ. ఫోనులోని పేర్లన్నింటికీ ఫోన్లు చేసి పరువు తీస్తామని యాప్ వాళ్లు బెదిరిస్తే భయపడకండి. అప్పు యాప్‌లు ఫోనులోని కాంటాక్టుల జోలికి వెళ్లకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బెదిరింపు సందేశాలు చెరపకుండా ఉంచి పోలీసులకు చూపించండి.

మీ పేరున కొత్త అప్పుకు గానీ హామీకి గానీ సంతకం పెట్టకండి. మీ నగలు మీ ఒక్కరి అధీనంలోని లాకరులో ఉండాలి. జీతం పడిన రోజే ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, సరుకుల డబ్బు మీ ఖాతాకు మారేలా ఆయనతో ఒప్పందం చేసుకోండి. ఆయన ఒప్పుకోకపోతే, పెద్దవారి సమక్షంలో మాట్లాడడానికి సంకోచించకండి. ఇది మీరు చేస్తున్న అవమానం కాదు.

ప్రమాణాలు నిలబడకపోవడానికి కారణం ఆయనకు మీ మీద ప్రేమ లేకపోవడం అనుకోకండి. పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్లీ మళ్లీ వెళ్లడం, ఎంత పోయిందో దాచడం, ఆపాలనుకుని ఆపలేకపోవడం – వీటిని వైద్యులు జబ్బు లక్షణాలుగానే లెక్కిస్తారు. 2013లో వచ్చిన అమెరికన్ మనోవైద్యుల ప్రామాణిక గ్రంథం జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసనే చేర్చింది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు ఆయనను తీసుకువెళ్లండి. ఆయన రానంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు, కుటుంబసభ్యులకూ సలహా ఇస్తారు. బతికి ఏం లాభం వంటి మాట ఆయన నోట ఒక్కసారి వచ్చినా తేలిగ్గా తీసుకోకండి, ఆ రాత్రి ఆయనను ఒంటరిగా ఉంచకండి, అదే నంబరుకు వెంటనే ఫోన్ చేయండి.

ప్రశ్న: మేం ఎంవీపీ కాలనీలో గదిలో ఉంటున్న నలుగురు విద్యార్థులం. డబ్బు లేకుండా, సరదాకు లోబాల్ ఆడుకుంటే తప్పా? ఆసు చిన్నదా పెద్దదా అని ప్రతిసారీ గొడవ వస్తోంది. – ఒక విద్యార్థి

జవాబు: పందెం డబ్బు కానప్పుడు, గెలిచిన గింజలను తరువాత డబ్బుగా మార్చుకోనప్పుడు తప్పు లేదు. సరదా యాప్‌లలో కూడా ‘చిప్స్’ డబ్బు పెట్టి కొనమనగానే బయటకు వచ్చేయండి. మీ గొడవకు కారణం రెండు వేర్వేరు లోబాల్ ఆటలను కలిపేయడం. పై ఉత్తరంలోని రకంలో ఆసు పెద్దది, వరసలూ ఒకే గుర్తు ముక్కలూ నష్టం. ‘ఏస్ టు ఫైవ్’ అనే రకంలో ఆసు అన్నింటికంటే చిన్నది, వరసలనూ గుర్తులనూ లెక్కలోకి తీసుకోరు, అందువల్ల 5-4-3-2-ఆసు అన్నింటికంటే మంచి చేయి. ముక్కలు పంచకముందే ఆ రాత్రి ఆడేది ఏ రకమో కాగితం మీద రాసి మధ్యలో పెట్టుకోండి.