చిన్న బ్రూవరీకి వెళ్లే ముందు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. స్నేహితులతో కలిసి ఆ చిన్న ఊరి బ్రూవరీకి, అంటే బీరు తయారుచేసే చోటికి, వెళ్తున్నానని, అక్కడ బీర్లు ఎలా రుచి చూడాలో చెప్పమని రాశావు. అడిగినందుకు సంతోషం. చాలామంది అక్కడికి వెళ్లి నాలుగు గ్లాసులు తాగి, బాగుందనో బాగాలేదనో అనుకుని వచ్చేస్తారు. నువ్వు అలా రాకూడదని నా కోరిక.

మొట్టమొదట వాళ్ల దగ్గరున్న అతి సాదా బీరును అడుగు. లేత రంగు లాగరో (చల్లగా, నిదానంగా పులియబెట్టే బీరు), అందులో ఒక రకమైన పిల్స్‌నరో ఉంటే అదే. పలకమీద పెద్ద అక్షరాలతో రాసిన పళ్ల బీర్లు, కాఫీ బీర్లు తర్వాత చూడవచ్చు. మాడేలా వేయించిన మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు), దండిగా వేసిన హాప్స్ (బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే ఒక తీగ పూలు) చిన్నాచితకా లోపాలను కప్పేస్తాయి. లేత లాగర్‌కు ఆ చాటు లేదు. పైగా లాగర్‌ను పులియబెట్టే ఈస్టు 7 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నిదానంగా పనిచేస్తుంది. ఆ తర్వాత కూడా బీరును సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి ఉంచాలి. ఏల్ అనే మరో రకం బీరు అయితే అంతకంటే వెచ్చగా, సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య, కొద్ది రోజుల్లోనే పులుస్తుంది. ఉన్న నాలుగైదు ట్యాంకుల్లో ఒకదాన్ని అన్ని వారాలు లాగర్‌కే వదిలేశారంటే, ఆ బ్రూవర్‌కు తన పనిమీద ఎంత శ్రద్ధ ఉందో తెలిసిపోతుంది. లాగర్ లేకపోతే లేత ఏల్‌తోనో గోధుమ బీరుతోనో మొదలుపెట్టు. చేదెక్కువ ఉన్నవి, ఆల్కహాలు ఎక్కువ ఉన్నవి చివరికి ఉంచు. ముందే వాటిని తాగితే ఆ తర్వాత లేత బీరు నీళ్లలా అనిపిస్తుంది.

రంగును బట్టి మాత్రం బలాన్ని అంచనా వేయకు. నల్లగా కనిపించే ఐర్లండ్ బీరు గిన్నెస్ డ్రాఫ్ట్ స్టౌట్‌లో ఆల్కహాలు సుమారు 4.2 శాతమే. బంగారు రంగులో మెరిసే బెల్జియం ట్రిపెల్ అనే బీరు 8, 9 శాతం దాకా ఉంటుంది. శాతం ఎంతో అడిగి తెలుసుకున్నాకే గ్లాసు అందుకో.

రద్దీ మొదలయ్యే వేళకు వెళ్లవద్దు. తలుపులు తెరిచిన కాసేపటికే వెళ్తే పోసేవాళ్లకు నీతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఖాళీ కడుపుతో వెళ్లకు. సెంటు పూసుకోకు, నీ ముక్కుకే కాదు, పక్కవాళ్ల ముక్కుకూ అది అడ్డం.

గ్లాసు చేతికి రాగానే తాగేయకుండా దాన్ని వెలుగుకు ఎత్తి చూడు. లోపలి గోడకు బుడగలు గుత్తులుగా అతుక్కుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదని అర్థం. శుభ్రమైన గ్లాసులో బుడగలు నేరుగా పైకి పోతాయి, తాగుతున్న కొద్దీ నురగ గోడమీద వలయాలుగా మిగులుతుంది. జిడ్డు ఏమాత్రం ఉన్నా నురగ నిలవదు. వేరే గ్లాసు అడగడానికి మొహమాటపడకు, మర్యాదగా అడిగితే మంచి బ్రూవరీలో ఎవరూ నొచ్చుకోరు. నురగ ఉన్నప్పుడే వాసన చూడు. అరచేత్తో గ్లాసు మూసి, ఒకసారి మెల్లగా తిప్పి, చేయి తీసి చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీల్చు. మొదటి గుటకకు నోరు అలవాటు పడుతుందంతే, తీర్పు రెండో గుటకకు చెప్పు. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మేయకూడదు, మింగాలి. హాప్స్ చేదు మింగిన తర్వాతే పూర్తిగా తెలుస్తుంది. అది గొంతులో గీరుకుంటూ ఉండిపోయిందా, శుభ్రంగా తగ్గి మరో గుటక అడిగిందా గమనించు. చిక్కని స్టౌట్‌ను మరీ చల్లగా ఇస్తే కాసేపు చేతుల్లో పెట్టుకో. 10, 12 డిగ్రీలకు వచ్చాక అందులో అప్పటిదాకా లేని వాసనలు బయటికొస్తాయి.

కొన్ని వాసనలు గుర్తుపెట్టుకో. లేత లాగర్‌లో వెన్న వాసన వస్తే, ఈస్టు పని పూర్తికాకముందే తొందరపడి తీసేశారనో, కుళాయి గొట్టాలు కడగలేదనో అనుమానించవచ్చు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడిందన్నమాట. అయితే జర్మనీలోని బవేరియా పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తే ఏదో కలిపారనో, పాడైందనో అనుకోకు. అది ఆ ఈస్టు సహజగుణం.

ఇక నీళ్ల సంగతి తప్పక అడుగు. దీని గురించి నేను ఎంత చెప్పినా తనివి తీరదు. బీరులో పదికి తొమ్మిది వంతులు నీళ్లే. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్లజెన్ ఊళ్లో పుట్టిన లేత పిల్స్‌నర్‌కు అక్కడి లవణాలు తక్కువున్న మెత్తని నీళ్లు సరిగ్గా కుదిరాయి. ఇంగ్లండ్‌లోని బర్టన్‌లో భూమిలో జిప్సం అనే ఖనిజం ఎక్కువ, ఆ నీళ్లలో హాప్స్ చేదు పొడిగా, స్పష్టంగా పలుకుతుంది. అందుకే ఆ ఊరు పేల్ ఏల్‌కు, అంటే లేత ఏల్‌కు, పేరుపొందింది. ఇప్పుడు ఎక్కడివాళ్లైనా లవణాలు కలిపో, తీసేసో నీళ్లను తమకు కావలసినట్టు మార్చుకోగలరు. కాబట్టి బ్రూవర్ కనిపిస్తే, మీ నీళ్లు ఎలాంటివి, ఏ బీరుకు ఏం మారుస్తారు అని అడుగు. మనసుపెట్టి చేసేవాళ్ల ముఖం ఆ ప్రశ్నకే వెలిగిపోతుంది. ఒక్కోసారి నిన్ను లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు కూడా. మాల్టును 65 డిగ్రీల పైచిలుకు వేడినీళ్లలో నానబెట్టిన తొట్టి దగ్గర నిలబడితే వచ్చే తియ్యని వాసనను ఊరికే పోనివ్వకు. ఆ మాల్టు నీళ్లు మరిగేటప్పుడు మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, దించే ముందు వేసినవి పరిమళాన్నిస్తాయి. ఎప్పుడెప్పుడు ఎంతెంత వేస్తారో అడిగి, వెంటనే ఆ బీరే తాగి చూడు. విన్నది నాలుకకు తెలుస్తుంది. మరిగించే పాత్రకు మంట పెట్టి హడావిడిగా ఉన్నప్పుడు మాత్రం పలకరించి ఊరుకో.

కొలత విషయంలో నేను కఠినంగానే చెబుతాను. రుచికిచ్చే చిన్న గ్లాసులు నాలుగు చాలు. ఒక్కోటి వంద, నూట యాభై మిల్లీలీటర్లు ఉంటుంది. మధ్యమధ్య నీళ్లు తాగు. నాలుగు దాటాక ముక్కూ నాలుకా కూడా సరిగా చెప్పవు. బండి నడిపేవాడు ఒక్క గుటక కూడా తాగకూడదు, అది ఎవరో బయల్దేరకముందే తేల్చుకోండి. మీలో ఎవరైనా తాగనంటే బలవంతం చేయకండి.

నచ్చినదాన్ని సీసాలో ఇంటికి తెచ్చుకుంటే గోధుమరంగు సీసాలోనే తీసుకో. ఎండ తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి కంపు కొడుతుంది. దారిలో నీడన, నిలువుగా పెట్టు, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో ఉంచు. కుళాయి నుంచి పట్టిన బీరు ఎక్కువ రోజులు నిలవదు, రెండు మూడు రోజుల్లో తాగేయాలి. మూత తీస్తే ఆ పూటే ముగించాలి. ఏం తాగావో, నీళ్ల గురించి వాళ్లేం చెప్పారో వివరంగా రాయి.

ఇట్లు,
మీ బాబాయి