కౌజులు ఒక్కసారి తీరు మార్చుకుంటే ఏం చూడాలె

చిరంజీవి శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బిడ్డా, నువ్వు రాసింది మొత్తం చదివిన. ఒక పెట్ట నిన్నటిసంది మూలకు కూసుంటున్నదని, పెద్ద పుంజు చిన్న పుంజును నెత్తి మీద పొడిచి రక్తం తెచ్చిందని, రాత్రిపూట అన్నీ ఒక్కసారి ఎగిరి జాలీకి కొట్టుకుంటున్నయని రాసినవ్. మూడూ ఒక్క వారంలనే మొదలైనయి గనుక ఏదో రోగం సోకిందనుకొని, దాణ దుకాణంల యాంటీబయాటిక్ తెచ్చి నీళ్లల్ల కలుపుదామా అని అడిగినవ్. వద్దు. మూడిటికి మూడు వేరే కారణాలు ఉండొచ్చు, అండ్ల రెండిటికి మందుతోని పనే ఉండకపోవచ్చు. కౌజు తీరు మారితే మందు కన్న ముందు, ఈ నాలుగైదు రోజుల్ల ఆ గదిల ఏం మారిందో చూడాలె. వెలుతురు, చప్పుడు, తోడు పిట్టలు, దాణ, వేడి: ఈ ఐదిట్ల ఏదో ఒకటి కదిలి ఉంటది. మూలకు కూసున్న పెట్ట సంగతి మాత్రం ఇయ్యాలనే తేలాలె. అందుకే ముందుగాల అదే చెప్తున్న.

"పొదుగుతున్నదేమో" అని రాసినవ్. మనం ఇండ్లల్ల పెంచేది జపాన్ కౌజు. మనిషి చేతిల తరతరాలుగ పెరిగి, మిషన్లల్లనే పిల్లలు తీసుకుంట వచ్చేసరికి ఈ పిట్టకు పొదుగుడు గుణం దాదాపు పోయింది. ఎక్కడో ఒకటి పొదుగుతది గాని, దాన్ని నమ్ముకొని ఊకోవద్దు. ఇంకో మాట, కౌజు అన్నింటికి ఆహారమయ్యే పిట్ట. జబ్బు పడ్డట్టు కనపడితే ముందుగాల దాన్నే పట్టుకుంటరని పుట్టుకతోనే దానికి ఎరుక, అందుకే నిలబడే శక్తి ఉన్నంతసేపు దాచుకుంటది. మన కంటికి తెలిసేసరికే ఆలస్యం అయి ఉంటది.

ఒక్క టైం మాత్రం మినహాయింపు. కోడి పొద్దుగాల గుడ్డు పెడ్తది, కౌజు ఎక్కువగ మధ్యాహ్నం మూడు నుంచి ఆరు మధ్యల పెడ్తది. ఆ గంటల్ల పెట్ట పక్కకు పోయి, అటు ఇటు తిరిగి, ఉసికెను కాళ్లతోని గీరి కూసుంటే భయం లేదు. గుడ్డు పెట్టి దులుపుకొని దాణ కాడికి వస్తది. పొద్దుగాల ఎనిమిదింటికి కూడ అదే మూలన, ఈకలు ఉబ్బించుకొని, కండ్లు సగం మూసి, శ్వాసకు తగ్గట్టు తోక కిందికి మీదికి ఊగుతుంటే మాత్రం అది గుడ్డు లోపల ఇరుకుడో, ఇంకేదన్న పెద్ద జబ్బో అయి ఉంటది.

దాన్ని పట్టుకునేటప్పుడు రెండు అరచేతుల్లకు తీసుకో, రెక్కలు ఒంటికి ఆనేటట్టు. ఛాతీని పిసుకవద్దు. పిట్ట ఛాతి ఎముక ముందుకు వెనుకకు కదిలితేనే దానికి ఊపిరి ఆడుతది, గట్టిగ పట్టుకుంటే మన చేతిలనే పోతది. మెల్లగ తోక కింద చూడు. గుడ్డు ఇరికిన పెట్టకు అక్కడ ఉబ్బి ఉంటది, కొన్నిసార్లు గుడ్డు పెంకు తెల్లగనో చుక్కలతోనో అంచుకు కనపడ్తది. కాళ్లు ఎడం పెట్టి, నిటారుగ నిలబడి ముక్కుతది. ఒక కాలు ఈడ్చవచ్చు, లోపలి గుడ్డు కాలి నరాలను నొక్కుతది కాబట్టి. పొట్టను నొక్కి చూడకు. గుడ్డు లోపల పగిలితే బతకడం కష్టం.

అట్ల అయితే ఒక అట్టపెట్టె తీసుకొని అడుగుకు పాత తువ్వాల వెయ్యి. ఒక పక్కన 40 వాట్ల పాత రకం బల్బు పెట్టు, ఎల్ఈడీ బల్బు వేడి ఇయ్యదు. అది దొరకకుంటే గోరువెచ్చని నీళ్ల సీసాను బట్టల చుట్టి పెట్టు. వేడి ఒక్క పక్కనే ఉండాలె, రెండో పక్క చల్లగ ఉంటే పిట్ట తనకు కావాల్సిన కాడికి జరుగుతది. బల్బు పక్కన 30 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. గిన్నెల గోరువెచ్చని నీళ్లు పోసి, పొట్ట వరకే మునిగేటట్టు పది నిమిషాలు పట్టుకో, తర్వాత మంచిగ తుడిచి పెట్టెల పెట్టి మూత మీద బట్ట కప్పు. చీకటి, వెచ్చదనం, ఒంటరితనం దొరికితే చాలాసార్లు గుడ్డు దానంతట అదే వస్తది. రెండు మూడు గంటలల్ల రాకుంటే డాక్టరు దగ్గరికి పో. కాల్షియం సూది వాళ్లే వేస్తరు, మోతాదు వాళ్లకే తెలుస్తది. ఇంట్ల నూనె పోసి వేలుతోని లాగే పని చెయ్యకు.

అసలు గుడ్డు ఎందుకు ఇరుకుతది? ఎక్కువగ కాల్షియం లోటుతోనే. కౌజు ఒళ్లు 180 గ్రాములైతే గుడ్డు 10 గ్రాములు, పైగా దినాం ఒకటి. దాణల సరిపోకుంటే తన ఎముకల్ల నుంచే తీసుకుంటది. నువ్వు పెట్టేది బ్రాయిలర్ దాణ అని రాసినవ్. మాంసకృత్తులు అండ్ల సరిపోతయి, కాల్షియం మాత్రం ఒక శాతం దగ్గరే ఉంటది. గుడ్డు పెట్టే పెట్టకు 2.5 నుంచి 3 శాతం కావాలె. పెట్టలకు లేయర్ దాణను (గుడ్ల కోళ్లకు పెట్టేది) సన్నగ పొడి చేయించుకో, లేకుంటే ఆల్చిప్పల పొడిని వేరే చిన్న గిన్నెల పెట్టు. దాణల కలుపకు. పెట్టలు కావాల్సినంత అవే తింటయి, పుంజులకు ఎక్కువ కాల్షియం మంచిది కాదు.

ఇగ పుంజు సంగతి. దీని మూలం నీ హాల్ల ఉన్న ట్యూబులైటు. కౌజు పిట్ట కాలాన్ని పగటి పొడుగుతోనే లెక్కపెట్టుకుంటది. మన వరంగల్ల జూన్ నెలల కూడ పగలు 13 గంటల మీద కొన్ని నిమిషాలే, డిసెంబర్ల 11 గంటలు. 14 గంటల వెలుతురు మన ఆకాశం ఎన్నడూ ఇయ్యదు. రాత్రి పదకొండు దాకా లైటు, టీవీ నడిచే ఇల్లు 16, 17 గంటలు ఇస్తది. కొన్ని రోజుల్లనే పుంజు ఒంట్ల జోడు కట్టే కాలం నిండుగ వస్తది. తోక కింద గ్రంథి ఎర్రగ ఉబ్బి, ఒత్తితే షేవింగ్ క్రీము లెక్క తెల్లటి నురుగు వస్తది. అది జబ్బు కాదు, ఎదిగిన పుంజు అని గుర్తు. అప్పటిదాకా కలిసి తిన్న రెండు పుంజులు ఆ దినం నుంచి శత్రువులు. పెట్టల నెత్తి వెనుక ఈకలు పీకుడు, ఎడతెగకుండ ఎక్కుడు కూడ ఇప్పుడే మొదలైతది. నీ పిట్టలు ఏడు వారాలు దాటినయి, లైటు కూడ తోడైంది.

ఇట్ల చెయ్యి. కొట్టే పుంజును ఇయ్యాలనే వేరే పంజరంల పెట్టు. నాలుగు పెట్టలకు ఒక్క పుంజు చాలు. మాపటి ఆరున్నరకు పంజరం మీద మందం బట్ట కప్పు, ఒక పక్క గాలికి కొంచెం తెరిచి, పొద్దుగాల ఆరింటికి తియ్యి. అట్ల వెలుతురు పన్నెండు గంటల మీద అరగంట దాటదు. నాకు అడిగితే ఇంట్ల సరదాకు పెంచేటోళ్లకు గుడ్లు కొన్ని తగ్గినా ఇదే మంచిది: పుంజు నెమ్మదిస్తది, పెట్టకు గుడ్ల నడుమ ఒళ్లు కోలుకునే జాగ దొరుకుతది. ఫలితం తెల్లారే కనపడదు, రెండు మూడు వారాలు ఆగాలె. వేరు చేసిన పుంజు రాత్రుల్లు గట్టిగ కూస్తది. తోడు లేని పుంజు ఎక్కువ కూసుడు సహజం, దానికి ఒకటో రెండో పెట్టలను తోడు ఇయ్యి.

నెత్తి మీద గాయమైన దాన్ని కూడ పక్కకు తియ్యాలె. ఎర్రగ కనపడితే మిగతావి, పెట్టలతో సహా, వచ్చి వచ్చి అక్కడనే పొడుస్తయి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతోని కడిగి, పొవిడోన్ అయోడిన్ నీళ్లల్ల టీ రంగు వచ్చేదాకా పలుచన చేసి అద్దు. కండ్లల్ల పడనియ్యకు. నొప్పి తెలియకుండ చేసే మత్తు మందు కలిసిన మలాములు పిట్టలకు విషం. చర్మం మూసుకున్నంక కలిపేటప్పుడు పంజరం లోపలి గిన్నెలు, డబ్బాల జాగ మార్చి, అన్నింటిని ఒక్కసారే మాపటికి వదులు. జాగ కొత్తగ ఉంటే పాత పిట్టకు "ఇది నాది" అనే పట్టు తగ్గుతది. ఒక్కో పిట్టకు కనీసం ఒక చదరపు అడుగు నేల ఉండాలె. ఫారాల్ల ఇంతకన్న చాలా తక్కువ ఇస్తరు, ఆ లెక్క నీకు వద్దు.

రాత్రి ఎగురుడు. కౌజు బెదిరితే పక్కకు ఉరకదు, నిట్టనిలువుగ పైకి లేస్తది. ఒకటి లేస్తే అన్నీ లేస్తయి. పంజరం ఎత్తు రెండు మూడు అడుగులుంటే సరిగ్గ నెత్తి పగిలే వేగం వస్తది. కప్పు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటే వేగం పుట్టకముందే తాకుతది, దెబ్బ ఉండదు. అంత పొట్టి పంజరం లేకుంటే జాలీకి లోపలి పక్క మెత్తటి దోమతెర బట్టను వదులుగ కట్టు. ఇంకొకటి మర్చిపోకు: పంజరం తలుపు తీసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపే తియ్యాలె.

బెదురుకు కారణం పట్టుకోవాలంటే ఒక రాత్రి దీపం ఆర్పినంక పక్కన కూసొని చూడు. బండి లైటు కిటికీల నుంచి పంజరం మీద పడుతున్నదా, గోడ మీద పిల్లి నడుస్తున్నదా, ఎలుక దాణకు వస్తున్నదా, కరెంటు పోయి ఒక్కసారి చీకటైతున్నదా. కరెంటే కారణమైతే గోడకు తిప్పి పెట్టిన చిన్న జీరో బల్బు ఇన్వర్టరు మీద సరిపోతది. ఇవేవీ కాకుంటే ఎర్ర పేను ఉందేమో చూడు. పగలు అది పిట్ట మీద ఉండదు, కట్టె సందుల్ల దాగి రాత్రి వచ్చి రక్తం పీలుస్తది. పిట్టలు కాళ్లు కొట్టుకుంట, ఒక్కతాన నిలువకుండ ఉంటయి. రాత్రి తెల్లబట్టను అడుగు కట్టెల కింద పెట్టి, పొద్దుగాల నలిపి చూడు. ఎర్ర మరకలు పడితే పంజరం ఖాళీ చేసి, మరిగే నీళ్లు సందుల్లకు పోసి ఎండల ఆరబెట్టు. స్నానానికి సన్నటి పొడి ఉసికెల కొంచెం కట్టెబూడిద కలిపి పెట్టు. పిట్టల మీద ఇంట్ల బొద్దింకల మందు కొట్టకు.

బతుకమ్మ తొమ్మిది దినాలు డీజే చప్పుడు, తర్వాత దీపావళి. ఆ రోజుల్ల పంజరాన్ని లోపలి గదికి మార్చు, చోటు మార్పు కన్న పటాకుల చప్పుడే దానికి ఎక్కువ కష్టం. పండుగ తెల్లారి రెండు మూడు రోజులు గుడ్లు ఆగినా కంగారు పడకు. ఈకలు రాలే కాలంల కూడ ఇట్లనే మౌనంగ ఉంటయి, గుడ్లు ఆగుతయి. దాణ తింటూ, కండ్లు మెరుస్తుంటే వదిలెయ్యి.

మే నెలల మన వైపు 44 డిగ్రీలు కొత్త కాదు. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరం పెట్టి రొప్పుతుంటే వేడి. పంజరాన్ని కింద నేల మీద పెట్టి, గోనెసంచి తడిపి ఒక పక్క వేలాడదీసి, నీళ్లు గంటకోసారి మార్చు. ఐసు నీళ్లల్ల ముంచకు. గది చల్లగ ఉన్నా నోరు తెరిచి ఊపిరి తీస్తే అది వేడి కాదు, ఊపిరితిత్తుల కష్టం. దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి పొగ ఆ గదిల పెట్టకు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగ పొయ్యి మీద కాగితే వచ్చే ఆవిరికి పిట్టలు నిమిషాల్ల పోతయి, మనకు వాసన కూడ సరిగ తెలియదు. కౌజులుంటే వంటింటి పక్క గది వద్దు, ఇనుప పెనం వాడు.

నడక మారితే వేళ్లు చూడు. రెట్ట ఎండి వేళ్లకు గట్టిగ గడ్డలు కడ్తది, లేకుంటే మన తలవెంట్రుకో దారమో చుట్టుకొని వేలు నల్లబడ్తది. గడ్డను పీకితే గోరు ఊడి వస్తది. గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టి మెత్తబడ్డంక రాల్చు. దాణ వానకాలంల గడ్డలు కట్టి ముక్క వాసన వస్తే పారెయ్యి, కడుక్కొని ఎండబెట్టి వాడకు. మక్కలకు పట్టిన బూజు విషం కాలేయాన్ని తింటది. సంక్రాంతికి పిల్లలు సకినాల ముక్కలు వెయ్యకుండ చూడు, అంత ఉప్పు అంత చిన్న ఒళ్లు తట్టుకోదు.

దినానికి ఒకటి రెండుసార్లు నల్లగ, జిగటగ, వాసనతోని వచ్చే రెట్ట మామూలే. తెల్లగ నీళ్లోలె వచ్చి, పిట్ట గూని పెట్టి కూసుంటే పేగు జబ్బు, ఒకటి నుంచి ఒకటికి తొందరగ అంటుకుంటది. మెడ తిరగబడుడు, గుండ్రంగ తిరుగుడు, రెండు మూడు ఒక్క దినంలనే చచ్చిపోవుడు జరిగితే ఇంట్ల వైద్యం చెయ్యకు. చచ్చిన దాన్ని చేతులతోని పట్టుకోకు, పిల్లలను దూరం పెట్టి, పశువుల దవాఖానకు కబురు చెయ్యి. మందు అందాజతోని నీళ్లల్ల కలుపవద్దన్నది కూడ ఇందుకే. జబ్బు పిట్ట నీళ్లే తాగదు, మంచిగున్నవే మందు తాగుతయి, ఆ గుడ్లు పిల్లలు తింటరు.

నీకు మామునూరు పశువైద్య కళాశాల దగ్గరే. పోయేటప్పుడు పిట్టను గాలి సందులున్న చిన్న అట్టపెట్టెల తీసుకపో. పొద్దున వేసిన రెట్టను ప్లాస్టిక్ కవర్ల, దాణ ఒక గుప్పెడు కాగితంల కట్టుకో. వంటింటి తరాజు మీద తూకం వేసి గ్రాములల్ల రాసుకో. 180 ఉండే పెట్ట 160కి వచ్చిందంటే డాక్టరు వేరే తీరుగ చూస్తడు. చివరి గుడ్డు ఎన్నడు పెట్టింది, పెంకు మెత్తగ ఉండెనా, లైటు ఎన్ని గంటలు, దాణ సంచి ఎన్నడు విప్పినవ్, ఇవి ఒక కాగితం మీద రాసిపెట్టుకో. దవాఖానల పిట్ట బెదిరి అంతా బాగున్నట్టే నిలబడ్తది, ఇంట్ల అది మూలకు కూసున్నప్పటి ఒక నిమిషం వీడియో ఫోన్ల ఉంచుకో.

నీ పెద్దమ్మ