ఇంటిల్లిపాదికీ రెండేసి చెంచాల ఇసబ్‌గోల్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, ఐదో నెల. మా బాబుకు ఆరేళ్లు, మామగారికి 72. ముగ్గురికీ మలబద్ధకమే. రోజుకు ఎవరికి ఎంత పీచు కావాలి? రాత్రిపూట అందరం రెండు చెంచాల ఇసబ్‌గోల్ వేసుకోవచ్చా?

జవాబు: ముగ్గురికీ ఒకే కొలత పనికిరాదండి. తినే ఆహారంలో ప్రతి 1000 కిలోక్యాలరీలకు సుమారు 15 గ్రాముల పీచు ఉండాలి. ఆ లెక్కన బాబుకు 20, మీకు 30, తిండి తగ్గే వయసు కాబట్టి మామగారికి 22–25 గ్రాములు. ఏడాదిలోపు పిల్లలకు ఈ లెక్కలు పెట్టకూడదు.

అసలు చిక్కు తెల్లన్నంతోనే. 100 గ్రాముల బియ్యంలో 3 గ్రాముల పీచు కూడా ఉండదు. అదే రాగుల్లో 11, కందిపప్పులో 9 గ్రాములు ఉంటుంది. ఒక పూట జొన్నరొట్టె, సాయంత్రం పెసలు లేదా శనగల గుగ్గిళ్లు, గోరుచిక్కుడు కూర, ఒక జామకాయ ఉంటే లెక్క చాలావరకు తీరిపోతుంది. జ్యూస్ వడకడితే పీచు పోయినట్టే. అయితే వారానికి ఒక్కో మార్పే చేయండి. ఒక్కసారిగా పెంచితే పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్, ఉబ్బరం తెస్తాయి. నీళ్లు తక్కువైతే మలం ఇంకా గట్టిపడుతుంది.

బాబుకు పిల్లల డాక్టరు చెప్పకుండా ఇసబ్‌గోల్ వద్దు. పాలు అరలీటరు దాటితే ఆకలి చచ్చి అన్నం, కూరలు తినడు. స్కూల్లో ఆపుకుంటున్నాడేమో కూడా అడగండి. టిఫిన్ అయ్యాక పది నిమిషాలు, కాళ్ల కింద పీట వేసి, టాయిలెట్‌లో కూర్చోబెట్టండి.

మీ విషయంలో ఐరన్ మాత్ర కూడా కారణం కావచ్చు. మానేయకండి. రాగిజావ, పాలు, టీలతో కలిపి మాత్రం వేసుకోకండి, ఐరన్ సరిగా ఒంటబట్టదు. ఇసబ్‌గోల్ కావాలంటే మీ గైనకాలజిస్టుకు చెప్పి ఒక చెంచాతో మొదలుపెట్టండి.

ఎక్కువ జాగ్రత్త మామగారికే. చెంచా ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగాలి. లేకపోతే గొంతులోనో పేగులోనో ఇరుక్కుంటుంది. మింగడం కష్టమైతే అసలు వద్దు. మిగతా మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే ముందు డాక్టరును అడగండి. ఆయనకు మలబద్ధకం ఈమధ్యే మొదలైనా, మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా పీచుతో కాలయాపన చేయకుండా పరీక్షలు చేయించండి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.