మత్తు సూది వికటిస్తే ‘ఎలర్జీ’ అన్న ఒక్క మాటతో కేసు కొట్టుకుపోదు

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు, బరువు 42 కిలోలు. లివర్ సిర్రోసిస్‌కు మందులు వాడేది, వాటిలో ప్రొప్రనలాల్ ఒకటి. వీపు మీద మూడు కొవ్వు గడ్డలు తీయించడానికి ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లాం. చీటీలన్నీ చూపించాం. గడ్డల చుట్టూ మత్తు సూదులు ఇచ్చిన కాసేపటికే నాలుక మొద్దుబారుతోందని, చెవుల్లో హోరుగా ఉందని అంది. వెంటనే ఫిట్స్ వచ్చాయి, గుండె ఆగింది. వేరే ఆసుపత్రి ఐసీయూలో మూడో రోజు చనిపోయింది. పోస్టుమార్టం చేయించలేదు. ‘టెస్ట్ డోసు ఇచ్చాకే చేశాం, ఇది ఎలర్జీ, పైగా మీరు సంతకం పెట్టారు’ అంటున్నారు. మా దగ్గరున్న కాగితంలో ‘లిగ్నోకైన్ 2 శాతం, 20 మి.లీ.’ అని ఉంది. కేసు నిలుస్తుందా? పోలీసు కేసు పెట్టాలా?

జవాబు: నిలిచే అవకాశం గట్టిగానే ఉంది. అందుకు కారణం మీ దగ్గరున్న ఆ కాగితమే. అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వకండి.

2 శాతం అంటే ఒక్కో మి.లీ.లో 20 మి.గ్రా. మందు. 20 మి.లీ.లో 400 మి.గ్రా. అడ్రినలిన్ (రక్తనాళాలను కుదించే మందు) కలపని లిగ్నోకైన్‌కు, అంటే ఆ మత్తుమందుకు, సాధారణంగా పాటించే గరిష్ఠ మోతాదు కిలో బరువుకు 4.5 మి.గ్రా. అమ్మగారి బరువుకు అది 189 మి.గ్రా., అంటే తొమ్మిదిన్నర మి.లీ.కి లోపే. అడ్రినలిన్ కలిపిన మందే వాడారనుకున్నా కిలోకు 7 చొప్పున 294 మి.గ్రా. దాటకూడదు. పైగా ఇవి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్కలు. లిగ్నోకైన్‌ను ఒంట్లో విరగ్గొట్టేది కాలేయం. సిర్రోసిస్‌లో ఆ పని మందగిస్తుంది, ప్రొప్రనలాల్ కాలేయానికి రక్తప్రసారాన్ని తగ్గించి దాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది. వయసు, బక్కపలచని ఒళ్లు సరేసరి. ఇలాంటి రోగికి మోతాదు ఇంకా తగ్గించాలి గానీ రెట్టింపు చేయకూడదు. క్లినిక్ కేస్ షీట్‌లో అసలు బరువు రాశారో లేదో ముందు చూడండి. బరువు చూడకుండా మోతాదు ఎలా లెక్కేశారన్న ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం.

ఇక ఎలర్జీ సంగతి. లిగ్నోకైన్‌కు నిజమైన ఎలర్జీ చాలా అరుదు. వస్తే దద్దుర్లు, ముఖం వాపు, పిల్లికూతలు, బీపీ పడిపోవడం కనిపిస్తాయి. నాలుక మొద్దుబారడం, చెవుల్లో హోరు, ఆపైన ఫిట్స్, గుండె లయ తప్పడం మందు రక్తంలో మితిమీరినప్పుడు వచ్చే లక్షణాలు. టెస్ట్ డోసు చూసేది ఎలర్జీనే. మొత్తం మోతాదు ఎక్కువైతే ఏమవుతుందో అది చెప్పలేదు. చట్టం దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది: ఎవరూ ఊహించలేని ఎలర్జీకి డాక్టరును బాధ్యుణ్ని చేయడం కష్టం, ముందే లెక్కవేసుకోగల మోతాదు విషయంలో ఆ రక్షణ దొరకదు.

అవతలి వకీలు చెప్పబోయేదీ తెలుసుకోండి. ‘సూది పొరపాటున రక్తనాళంలోకి వెళ్లింది, సరైన మోతాదుకూ ఇలా జరుగుతుంది’ అంటారు. నిజమే, జరుగుతుంది. అందుకే ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూశారా, కొంచెం కొంచెంగా ఇచ్చారా, పల్స్, బీపీ, ఆక్సిజన్ మానిటర్ పెట్టారా అని మనం అడగాలి. ‘లైపోసక్షన్‌లో (ఒంట్లో కొవ్వు పీల్చి తీసే ఆపరేషన్‌లో) కిలోకు 35 మి.గ్రా. దాకా ఇస్తారు’ అని కూడా అనొచ్చు. అది అడ్రినలిన్ కలిపి బాగా పలచన చేసిన ద్రావణం, 2 శాతం మందుకు ఆ లెక్క వర్తించదు.

ఫిట్స్ వచ్చాక ఏం చేశారన్నది రెండో ఆధారం. ఆక్సిజన్, ఫిట్స్ ఆపే మందుతో పాటు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) ఎక్కించాలి. మొదట కిలోకు 1.5 మి.లీ. చొప్పున, అంటే అమ్మగారికి సుమారు 63 మి.లీ., రెండు మూడు నిమిషాల్లో. చిన్న క్లినిక్‌లో అది లేదన్న ఒక్క కారణంతో, కేసు వినే వినియోగదారుల కమిషన్ తప్పు పట్టకపోవచ్చు. కానీ మోతాదు మించి, మానిటర్ లేక, ఆక్సిజన్ కూడా ఆలస్యమైతే అన్నీ కలిపి చూస్తుంది.

వెంటనే రెండు ఆసుపత్రులకూ రికార్డుల కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. చేతికిస్తే కాపీ మీద ముద్ర వేయించుకోండి, లేదంటే అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. కేస్ షీట్, సమ్మతి పత్రం, నర్సు రాసే మందుల చార్టు, మానిటర్ చార్టు, రిఫరల్ లెటర్ అడగండి. ఫార్మసీ బిల్లు మరవద్దు, ఎన్ని వయల్స్ వాడారో అందులో ఉంటుంది. పోస్టుమార్టం లేని లోటును చాలావరకు తీర్చేది ఐసీయూ రికార్డే: చేర్చుకున్నప్పుడు రాసుకున్న వివరాలు, ఈసీజీలు, మరణ కారణ ధ్రువపత్రం.

సంతకం గురించి భయపడకండి. సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పిన ప్రకారం, ఏం చేస్తారో, ప్రమాదాలేమిటో చెప్పి తీసుకున్నదే సమ్మతి. సరైన సమ్మతి ఉన్నా అది నిర్లక్ష్యానికి అనుమతి కాదు.

కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. పరిధిని చూసేది మీరు చెల్లించిన ఫీజును బట్టి గానీ అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఆ ఫీజు 5 లక్షల లోపైతే కోర్టు రుసుము లేదు. గడువు రెండేళ్లు. హైదరాబాద్ ఆసుపత్రికి సంబంధించిన వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు 2010లో, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదంది. అయినా అనస్తీషియా నిపుణుడి అభిప్రాయం తీసుకోండి. ‘నిర్లక్ష్యం జరిగిందా’ అని అడిగితే తప్పించుకునే జవాబు వస్తుంది. ‘42 కిలోల సిర్రోసిస్ రోగికి 400 మి.గ్రా. ఇవ్వవచ్చా, ఈ లక్షణాలు దేనికి సరిపోతాయి’ అని అడగండి.

పోలీసు కేసుతో మొదలుపెట్టవద్దనే నా సలహా. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద డాక్టరుకు రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం ఘోర నిర్లక్ష్యమని రుజువవాలి, పోలీసులు ముందు స్వతంత్ర వైద్యాభిప్రాయం తీసుకోవాలి. అది వ్యతిరేకంగా వస్తే అవతలివాళ్లు దాన్నే కమిషన్‌లోనూ చూపిస్తారు. రికార్డులు దిద్దారని తేలితే అప్పుడు ఆలోచించవచ్చు.

ఫిర్యాదులో వారసులందరి పేర్లూ చేర్చండి. ఇందుకు తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. నాన్నగారు ఉంటే మొదటి ఫిర్యాదుదారు ఆయనే కావడం మంచిది.