ఓడ దిగాక టూర్ కొనాలా, బస్సెక్కాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వయసు 61. మావారికి 66, నిరుడే మోకాలి ఆపరేషన్ అయింది. సెప్టెంబర్ నెలాఖరులో మా అబ్బాయితో కలిసి గ్రీస్ దీవులకు క్రూజ్‌లో వెళ్తున్నాం. మైకొనోస్, రోడ్స్, శాంటోరినిలలో ఒక్కో రోజు ఆగుతుంది. ఓడవాళ్లు అమ్మే టూర్లు మనిషికి వరుసగా 60, 75, 95 యూరోలు. ముగ్గురికి లెక్కేస్తే నా నెల పింఛను దాటిపోతోంది. అన్నీ కొనాలా? మా అబ్బాయేమో టూర్లు వద్దు, ఏటీవీ (లావు టైర్ల నాలుగు చక్రాల బైకు) అద్దెకు తీసుకుందాం అంటున్నాడు. - హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టీచర్ గారూ, లెక్క సులువు కోసం యూరో వంద రూపాయలు అనుకుందాం. మూడు టూర్లు, ముగ్గురికి 690 యూరోలు, అంటే 69 వేలు. నా సలహా: శాంటోరిని ఒక్కటే కొనండి, అదీ కింద చెప్పిన విషయాలు కనుక్కున్నాకే. మిగతా రెండూ వదిలేయండి. 405 యూరోలు, సుమారు 40 వేలు మిగులుతాయి.

ఓడవాళ్ల టూర్ ధరలో రెండు వస్తువులుంటాయి. ఒకటి బస్సు, గైడు. రెండోది భరోసా: వాళ్ల బస్సు దారిలో ఇరుక్కుపోయి ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగుతుంది. మీ అంతట మీరు వెళ్లి ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకు మీ ఖర్చుతోనే వెళ్లి అందుకోవాలి. అసలు మీరు డబ్బు కట్టేది ఈ భరోసాకే. నడిచి తిరిగి రాగలిగిన చోట దానితో పనేముంది?

మైకొనోస్‌లో ఓడలు ఎక్కువగా టూర్లోస్ అనే కొత్త రేవులో ఆగుతాయి. ఊరు అక్కడికి రెండు కిలోమీటర్లు. సీ బస్ అనే చిన్న పడవ కొద్ది యూరోలకే పాత రేవులో దింపుతుంది. గాలిమరలు, నీళ్లను ఆనుకుని కట్టిన ఇళ్లు, తెల్లటి సందులు అన్నీ అక్కడి నుంచి నడిచే దూరమే. ఆ సందుల్లోకి కార్లు రావు కాబట్టి టూర్ కొన్నా నడక తప్పదు.

రోడ్స్ ఇంకా సులువు. ఓడ పాత కోటకు దగ్గర్లోనే ఆగుతుంది. గోడలోని గుమ్మం దాటితే మధ్యయుగపు నగరంలో ఉంటారు, 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరది. నేలంతా గులకరాళ్లు పరిచి ఉంటుంది, మీవారికి మెత్తటి అడుగున్న బూట్లు కొనండి. ఓడవాళ్లు అమ్మే 75 యూరోల టూర్ బహుశా లిండోస్ అనే ఊరికే. అది 50 కిలోమీటర్లు, పైన కోట చూడాలంటే దాదాపు 300 మెట్లు. ఆపరేషన్ అయిన మోకాలితో అది వద్దే వద్దు.

ఇక శాంటోరిని. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు. అగ్నిపర్వతం కూలి ఏర్పడిన సముద్రంలో లంగరేస్తుంది. చిన్న పడవల్లో పాత రేవుకు దింపుతారు. ఫిరా ఊరు కొండ అంచున, 200 మీటర్లకు పైన. ఎక్కడానికి మూడే దారులు: కేబుల్ కార్, దాదాపు 588 మెట్లు, లేదా గాడిదలు. మెట్లు మీకు కుదరవు. గాడిదలూ వద్దు. పాపం, ఆ మూగజీవాలు ఎండలో మోస్తూనే ఉంటాయి. ఎక్కువ బరువు వేయకూడదని 2018లో గ్రీస్ నిబంధన పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి అందరూ కేబుల్ కార్ దగ్గరే చేరతారు. మేం వెళ్లిన రోజు నాలుగు ఓడలు వచ్చాయి. దిగేటప్పుడు క్యూ సందు మలుపు తిరిగి, నగల దుకాణాల ముందు నుంచి వెనక్కి పోయింది. మా ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకుని గోడ నీడలో నిలబడింది. నేను ప్రతి ఐదు నిమిషాలకూ వాచీ చూసుకుంటూనే ఉన్నాను. గంటా పది నిమిషాలు పట్టింది. చివరి పడవకు ఇంకా ఇరవై నిమిషాలే మిగిలాయి. ఆ టెన్షన్ మీకు వద్దు.

అందుకే ఇక్కడ టూర్‌కు డబ్బు పెట్టమంటున్నాను. టూర్ తీసుకున్నవాళ్లను చాలాసార్లు అథీనియోస్ అనే వేరే రేవులో దింపి, బస్సులో పైకి తీసుకెళ్తారు. ఎక్కే క్యూ తప్పుతుంది. కానీ చాలా టూర్లు ఫిరాలోనే ముగుస్తాయి, కిందికి మీరే దిగాలి. ఒకసారి టూర్ ముగిశాక ఆ భరోసా కూడా ముగిసినట్టే. కాబట్టి కొనేముందు ఓడలోని టూర్ డెస్క్‌లో మూడు అడగండి: అథీనియోస్‌లో దింపుతారా, కేబుల్ కార్ టికెట్ కలిపే ఉందా, ఎక్కడ వదిలేస్తారు? పాత రేవు నుంచి మీరే ఎక్కి రండి అంటే ఆ 285 యూరోలు పెట్టకండి. ఫిరాలోనే ఒక కాఫీ తాగుతూ కూర్చున్నా సముద్రం అంతే అందంగా కనిపిస్తుంది. ఓయా అనే ఊరు చూడాలనుంటే ఫిరా స్టాండ్ నుంచి కేటెల్ అనే అక్కడి మామూలు సర్వీసు బస్సులున్నాయి, 11 కిలోమీటర్లు, చార్జీ చాలా తక్కువ. బస్సులోనే కండక్టర్‌కు నగదు ఇవ్వాలి, చిల్లర యూరోలు ఉంచుకోండి. ఏ దారిన వెళ్లినా చివరి పడవకు రెండు గంటల ముందే కేబుల్ కార్ దగ్గరికి చేరండి.

మీ అబ్బాయికి ఒక మాట. ఏటీవీ మన లైసెన్స్ ఒక్కదానితో కుదరదు, ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అంతకన్నా ముఖ్యం ఇన్సూరెన్స్. వీసా కోసం మీరు తీసుకున్న ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఏటీవీ ప్రమాదాలు వర్తించవు. ఆ ఇరుకు కొండదారుల్లో కాలు విరిగితే ఆస్పత్రి బిల్లు మీ పొదుపు నుంచే పోతుంది. మినహాయింపుల పేజీ చదివించండి. అదే పేజీలో పాత జబ్బుల గురించి ఏముందో, మీవారి మోకాలికి కవర్ ఉందో లేదో కూడా చూడండి.

మీ లెక్కలో లేని ఖర్చు ఒకటుంది. 2025 జులై నుంచి క్రూజ్ ప్రయాణికుల దగ్గర గ్రీస్ రుసుము తీసుకుంటోంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా శాంటోరిని, మైకొనోస్‌లలో మనిషికి 20 యూరోలు, రోడ్స్‌లో 5. ముగ్గురికి 135. కొన్ని కంపెనీలు టికెట్‌లోనే కలుపుతాయి, కొన్ని ఓడ బిల్లులో వేస్తాయి. బుకింగ్ కాగితం చూసుకోండి.

మిగిలిన డబ్బులోంచి వంద యూరోలు నగదుగా, ఇంకో 200 ఫారెక్స్ కార్డులో ఉంచండి. ఆ 200 ఓడ తప్పిపోతేనే తీయాలి. దుకాణంలో మెషిన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే మారకం రేటులో బాదేస్తారు. ఓడ ఇచ్చే రోజువారీ కాగితాన్ని ఫోటో తీసుకుని, దిగేముందు చివరి పడవ సమయం, రేవులో ఓడ కంపెనీ తరఫున ఉండే ఏజెంట్ నంబరు ముగ్గురి ఫోన్లలోనూ ఉండేలా చూడండి. పాస్‌పోర్ట్ జిరాక్సు మాత్రం మీ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి.