కొత్త కిల్ట్ మోజు ఎన్నాళ్లు? ఒక 1,100 పౌండ్ల ప్రశ్న

ప్రశ్న: సార్, మేం నాలుగేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, స్కిల్డ్ వర్కర్ వీసా. ఆఫీసు స్నేహితుల పెళ్లిళ్లకి రెండేళ్లలో మూడుసార్లు కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకి చుట్టుకునే గళ్ల ఉన్ని గుడ్డ) అద్దెకి తెచ్చుకుని వేసుకున్నాను. ఒక్కోసారికి 85 పౌండ్లు. ఇప్పుడు సొంతంగా ఒకటి కుట్టించుకోవాలని ఉంది. షాపులో మొత్తం సెట్టుకి 1,100 చెప్పారు: కిల్ట్ 520, జాకెట్టూ వెయిస్ట్‌కోటూ 280, స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే చిన్న సంచి) 110, బూట్లు 75, మేజోళ్లు వగైరా 60, మేజోడులో దోపుకునే చిన్న కత్తీ పిన్నూ 55. పది నెలల వాయిదాలు ఇస్తామంటున్నారు. సేవింగ్స్‌లో 4,600 ఉన్నాయి, నెలకి 450 వెనకేస్తున్నాం. ఇంకో పది నెలల్లో ఇద్దరం ఐఎల్ఆర్‌కి (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతికి) అప్లై చేయాలి. మే నెలలో విజయవాడలో మా తమ్ముడి పెళ్లి, అక్కడా వేసుకోవాలని ఆశ. మా ఆవిడేమో "కొత్తొక వింత, పాతొక రోత. రెండు నెలల మోజుకి లక్ష పైన పోస్తావా?" అంటోంది. నిజంగా ఈ సరదా ఎన్నాళ్లుంటుంది? కొనమంటారా?

జవాబు: మీ ఆవిడ మాట సగం నిజం. ఆ సగం ముందు చెప్పుకుందాం.

కొత్త వస్తువు మీద సరదా అందరికీ ఒకే దారిలో తగ్గుతుంది. చేతికి రాకముందే అది బాగా ఎక్కువగా ఉంటుంది. కొలతలిచ్చిన రోజు నుంచి డబ్బా విప్పే రోజు దాకా మీరు నిద్రలో కూడా కిల్ట్ మీది టార్టన్ గళ్లే చూస్తారు. వచ్చాక మొదటి శనివారం అద్దం ముందు గంటసేపు. ఫొటోలు వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూపుకి వెళ్తాయి, పిన్ని "రాజుగారిలా ఉన్నావురా" అంటుంది, బాబాయి "లంగా ఎప్పుడు కొన్నావు" అంటాడు. నెల తిరిగేసరికి అది కవర్లో, బీరువాలో. మనిషి మంచికైనా చెడుకైనా త్వరగా అలవాటు పడి మళ్లీ పాత స్థాయికే వచ్చేస్తాడని బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే సైకాలజిస్టులు 1971లోనే రాశారు. దాన్ని వాళ్లు ట్రెడ్‌మిల్‌తో పోల్చారు: ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటాం.

కానీ కిల్ట్ ఫోన్ లాంటిది కాదు, ఇక్కడే నేను మీ ఆవిడతో ఏకీభవించను. ఫోన్ రోజూ చేతిలో ఉంటుంది కాబట్టి పదిహేను రోజుల్లో పాతబడుతుంది. కిల్ట్ ఏడాదికి మూడు నాలుగుసార్లు బయటికొస్తుంది. కంటికి అలవాటు పడేంత అవకాశం దానికి మీరివ్వరు. ఆవిడ పెళ్లి పట్టుచీర సంగతే అడగండి. బీరువా తీస్తే కలరా ఉండల వాసన, మడతలు విప్పుతుంటే జరీ చప్పుడు. ఎన్నేళ్లయినా ఆ నిమిషం పాతబడలేదని ఆవిడే చెబుతుంది. తక్కువగా వాడే వస్తువు మీద మోజు నిలుస్తుంది. చిక్కేమిటంటే, తక్కువగా వాడే వస్తువుకే ఒక్కో వాడకానికి ఖర్చు ఎక్కువ. మీ ప్రశ్న మొత్తం ఈ రెండింటి మధ్య ఉంది.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఒక రాజుగారే. 1746లో తెచ్చిన చట్టంతో కిల్ట్ లాంటి హైలాండ్ (స్కాట్లాండ్ కొండప్రాంతాల) దుస్తులు నిషిద్ధమయ్యాయి, 1782లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ తరువాత 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు, ఆ సంబరాలన్నీ నవలా రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి నడిపించాడు. రాజుగారు హైలాండ్ దుస్తులకి పెట్టిన ఖర్చు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు, అదీ ఆనాటి పౌండ్లు. ఆగస్టు 17న ఆ దుస్తుల్లో హోలీరూడ్ ప్యాలెస్‌లో కాసేపు కొలువుతీరాడు. కిల్ట్ మరీ పొట్టిగా ఉందనీ, కింద గులాబీ రంగు టైట్స్ వేశాడనీ ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ ఒక్క దర్శనానికి లెక్క కడితే మీ 1,100 చిల్లర కింద లెక్క.

మీ లెక్కకి వద్దాం. 1,100ని 85తో భాగిస్తే దాదాపు 13. అంటే పదమూడుసార్లు వేసుకుంటే అద్దె ఖర్చుతో సమానం. ఇప్పటిదాకా ఏడాదికి ఒకటిన్నర సార్ల చొప్పున వేసుకున్నారు, ఆ లెక్కన తొమ్మిదేళ్లు పడుతుంది. మీ ఆవిడ గెలిచినట్టే.

అయితే అద్దెకి తెచ్చుకునేవాడి లెక్కతో సొంతదారుణ్ని కొలవడం సరికాదు. 85 పౌండ్లు పెట్టి ఎవరూ రగ్బీ మ్యాచ్‌కి కిల్ట్ తీసుకెళ్లరు. సొంతదుంటే ఎడిన్‌బరోలోని మర్రీఫీల్డ్ స్టేడియంలో మ్యాచ్‌కి పాత స్వెటరూ బూట్లతో వేసుకుపోతారు. నవంబరు 30న సెయింట్ ఆండ్రూస్ డే, జనవరి 25న కవి బర్న్స్ పుట్టినరోజు విందు, బర్న్స్ నైట్, ఏడాది చివర హోగ్మనే, మధ్యలో ఎవరో ఒకరి పెళ్లి, ఏదో ఒక కేలీ డాన్సు. స్కాట్లాండ్‌లో అవకాశాలకి కొరత లేదు. ఏడాదికి నాలుగు అనుకుంటే మూడేళ్లు దాటగానే డబ్బు చెల్లిపోతుంది. మంచి ఉన్ని కిల్ట్ దశాబ్దాలు మన్నుతుంది, పక్కన పట్టీలూ బకిళ్లూ ఉంటాయి కనుక నడుము కొంత పెరిగినా సర్దుకుంటుంది. అందుకని మోజు ఎన్నాళ్లని నన్ను అడగకండి. వచ్చే పన్నెండు నెలల క్యాలెండర్ తీసి, నిజంగా వెళ్లబోయే తేదీలు మాత్రం గుర్తుపెట్టండి. "పిలిస్తే వెళ్తాం"లు లెక్కలోకి రావు. మూడు కన్నా తక్కువ తేలితే అద్దే హాయి.

ఇక నన్ను భయపెట్టింది 520 కాదు, మిగతా 580. కౌపీన సంరక్షణార్థం సన్యాసి పిల్లిని తెచ్చాడు, పిల్లి పాలకి ఆవుని, ఆవుని మేపడానికి మనిషిని... కథ మీకు తెలిసిందే. కిల్ట్ కూడా నడుముకి చుట్టుకునే బట్టే. దాని వెనకాల స్పోరన్, స్పోరన్‌కి గొలుసు, పెళ్లికి వెండి స్పోరన్, పగటికి తోలు స్పోరన్, ఆపైన రెండో జాకెట్. నా అనుభవమూ అంతే. కెమెరా కొన్న ఆర్నెల్లకి లెన్సులూ ట్రైపాడూ బ్యాగూ కలిపి కెమెరా ధరని దాటేశాయి. ఫొటోలు మాత్రం ఇప్పుడు ఫోన్‌తోనే తీస్తున్నాను.

అందుకే మీకు నా సలహా: డబ్బంతా గుడ్డ మీద పెట్టండి, తగిలింపుల మీద కాదు. సంప్రదాయ కిల్ట్‌కి ఎనిమిది గజాల ఉన్ని పడుతుంది. మన చీర కన్నా రెండు గజాలు ఎక్కువ, పైగా కుచ్చిళ్లన్నీ వెనకే, చేత్తో కుట్టినవి. అంత పనికి 520 అన్యాయమేమీ కాదు. ఎడిన్‌బరో రాయల్ మైల్ వీధిలో టూరిస్టులకి అమ్మే ఆక్రిలిక్ కిల్ట్ జోలికి పోకండి, రెండోసారి వేసుకోబుద్ధి కాదు. మేజోళ్లు కొత్తవి కొనండి. బూట్లకి మీ నల్ల తోలు షూస్ చాలు. సాదా తోలు స్పోరన్, జాకెట్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. జాకెట్ కావాల్సింది పెళ్లిళ్లకే, తరువాతి శుభలేఖ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఇంటిపేరుతో సొంత టార్టన్ నేయించాలనే ఆలోచన వస్తే ఒక రాత్రి పడుకుని లేవండి, పోతుంది. బ్లాక్ వాచ్ లాంటి అందరూ వేసుకునే టార్టన్ తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, ఎప్పుడైనా అమ్మాలన్నా కొనేవాళ్లు దొరుకుతారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఐఎల్ఆర్ ఫీజు ఇప్పటికే మనిషికి 3,000 పౌండ్లు దాటింది. ఇద్దరికీ 6,000 పైమాటే. పది నెలల్లో మీ దగ్గర చేరేది 9,100. అందులో ఈ ఫీజులు పోగా మిగిలేది మహా అయితే 3,000. తమ్ముడి పెళ్లికి టికెట్లూ కానుకలూ తీస్తే ఇంకేం ఉంటుంది? ఎన్నేళ్లకి ఐఎల్ఆర్ ఇవ్వాలన్న నిబంధనలు కూడా మారొచ్చు. ఒకవేళ వీసా పొడిగించుకోవాల్సి వస్తే ఫీజు కాక హెల్త్ సర్‌చార్జి (ప్రభుత్వ వైద్యానికి వీసాదారులు కట్టే రుసుము) మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, ఎన్నేళ్లకి తీసుకుంటే అన్నేళ్లదీ ముందే కట్టాలి. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్నంతకాలం ఆ 4,600 సరదాలకి కాదు. దాన్ని ముట్టుకోవద్దు.

మరి కిల్ట్? నెలకి 60 పౌండ్లు విడిగా ఒక ఖాతాలో వేయండి. మీ 450లోంచి కాదు, వారాంతం బయటి భోజనాల్లోంచి. తొమ్మిది నెలలకి 540 అవుతాయి. ఈ తొమ్మిది నెలలూ బిర్యానీ మానుకుని కూడా కిల్టే కావాలనిపిస్తే అప్పుడు నిశ్చింతగా ఆర్డరివ్వండి. చేత్తో కుట్టడానికి మామూలుగానే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు పడుతుంది. ఎదురుచూపే సగం ఆనందమని ముందే అనుకున్నాం కదా, మీకు ఏడాది ఆనందం వడ్డీ లేకుండా దొరుకుతుంది.

వాయిదాలు నాకు నచ్చలేదు. వడ్డీ సున్నా అయినా సరే. వాయిదా ఇస్తామనగానే 520 అనుకున్నది 1,100 అయిపోయింది, చూశారా? అయితే ఆర్డరిచ్చేటప్పుడు డిపాజిట్ మాత్రం క్రెడిట్ కార్డు మీద కట్టి, బిల్లు రాగానే తీర్చేయండి. బ్రిటన్‌లో 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద, 100 దాటి 30,000 పౌండ్ల దాకా ధర ఉన్న వస్తువుకి కొంత మొత్తం కార్డు మీద కట్టినా, షాపు మూతపడితే కార్డు కంపెనీని మొత్తం డబ్బు అడగొచ్చు. నెలల తరబడి ఎదురుచూసే ఆర్డర్లకి ఇది చాలా అవసరం. ఇంకొకటి: ఆన్‌లైన్ కొనుగోళ్లకి ఉండే 14 రోజుల వాపసు హక్కు మీ కొలతలతో కుట్టిన వస్తువుకి వర్తించదు. కిల్ట్ నడుము బొడ్డు దగ్గర కూర్చుంటుంది, ప్యాంటు కన్నా పైన. ప్యాంటు సైజు రాసి పంపారంటే 520 పౌండ్ల కర్టెన్ వస్తుంది. షాపుకెళ్లి కొలతలిచ్చి రండి.

తమ్ముడి పెళ్లి సంగతి. ఈ లెక్కన మే నెలకి మీ కిల్ట్ తయారవ్వదు, అందుకు నాకేమీ బాధ లేదు. ఎనిమిది గజాల మందపాటి ఉన్ని, మోకాళ్ల దాకా ఉన్ని మేజోళ్లు, మే నెల విజయవాడ, హోమం పక్కన మీరు. ఆ రోజుకి వెంకటగిరి పంచె కట్టుకోండి.