మొదటి ఇల్లు: లాయరు ఫీజుకెంత, రిజిస్ట్రేషన్‌కెంత?

ప్రశ్న: హైదరాబాద్‌లో 60 లక్షల రూపాయలకు పాత ఫ్లాటు కొనబోతున్నాం. బ్యాంకు ఎలాగూ పత్రాలు చూస్తుంది కదా, విడిగా లాయరును పెట్టుకోవాలా? మొత్తం ఎంత పక్కన పెట్టుకోవాలి?

జవాబు: మీ లెక్కలో పెద్ద పద్దు లాయరు ఫీజు కాదు, రిజిస్ట్రేషన్. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కలిపి 7.5 శాతం, అంటే మీకు నాలుగున్నర లక్షలు అవుతుంది. ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ మీ ధర కంటే ఎక్కువైతే దాని మీదే కట్టాలి. రుణం లెక్కగట్టేటప్పుడు బ్యాంకులు సాధారణంగా ఈ ఖర్చును ఇంటి ధరలో కలపవు కనుక, డౌన్‌పేమెంటుతో పాటు ఇదీ మీ చేతిలో ఉండాలి.

బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు క్షేమం. ఆ లాయరు ఫీజు మాత్రం చాలాసార్లు మీ దగ్గరే వసూలవుతుంది. అందువల్ల అడ్వాన్సు ఇవ్వకముందే మీ తరఫు లాయరుకు లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) చూపించి, రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవడం మంచిది. సేల్ డీడ్ (విక్రయ పత్రం) రాయడం, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెంట రావడం మీ లాయరు ఫీజులోనే ఉన్నాయో లేదో ముందే అడగండి, ఎందుకంటే పేచీలన్నీ అక్కడే వస్తాయి.

ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి ఆదాయపు పన్ను కింద ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే సొమ్ము) కట్టాలి. అయితే అది అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి మినహాయించుకునేదే, మీకు అదనపు భారం కాదు.